గాజు స్టూడియోలో ఏడాది లెక్క: చల్లారే గంటలు

ఇది ఒక చిన్న గాజు స్టూడియో ఏడాది పని మీద రాసిన కేస్ స్టడీ. పనిచేసేవాళ్లు ఇద్దరు. కిల్న్‌లు, అంటే గాజును కాల్చే బట్టీలు, రెండు, రెండూ కరెంటువి. పెద్దదాంట్లో 600 మి.మీ. చదరపు షెల్ఫ్ (గాజును పేర్చే పలక) పడుతుంది, చిన్నది పరీక్షలకు. రెండిట్లోనూ ఎలిమెంట్లు, అంటే వేడినిచ్చే తీగచుట్టలు, మూతకే ఉన్నాయి, పక్కగోడల్లో లేవు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పెద్ద దెబ్బ తీసింది ఇదే. గాజు ఊదే పని ఇక్కడ లేదు. షీటు గాజును కోసి, పేర్చి, కరిగించి అతికి, అచ్చులోకి వంచి, సాన పట్టి పళ్లేలు, గిన్నెలు, మందపాటి పలకలు చేస్తారు. గాజంతా వ్యాకోచ గుణకం (వేడికి ఎంత సాగుతుందో చెప్పే అంకె) 90 రకం, 3 మి.మీ. షీటు. డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే చెబుతున్నాం.

ఏడాది మొదట్లో వేసుకున్న ప్రణాళిక చేతిపని లెక్కన వేసింది: రోజుకు ఎన్ని ముక్కలు కోస్తాం, ఎన్ని పేరుస్తాం. నాలుగు నెలలు తిరిగేసరికి అది మూలపడింది. గాజు పనిలో రోజుల్ని తినేది చెయ్యి కాదు, చల్లారడం. ఆ లెక్కతో క్యాలెండర్ మళ్లీ వేసుకున్నాకే ఏడాది గాడిన పడింది.

ముందు ఖాళీ కిల్న్

మొదటి పని షెల్ఫ్ చదునుగా ఉందో లేదో చూడటం. ఇనుప స్కేలును అంచు మీద నిలబెట్టి వెనక నుంచి టార్చి వేస్తే, పల్లం ఉన్నచోట స్కేలు కింద వెలుతురు గీత కనిపిస్తుంది. మిల్లీమీటరు పల్లం చాలు పళ్లెం పాడవడానికి. 650 దాటాక గాజు మెత్తబడి అంచులు చుట్టూ షెల్ఫ్‌ను పట్టుకుంటాయి. పల్లంలోని గాలికి బయటికి దారి ఉండదు. వేడి పెరిగేకొద్దీ ఆ గాలి ఉబ్బి గాజును గోపురంలా లేపుతుంది. 800 దాకా పోతే గోపురం పగిలి, పళ్లెం మధ్యలో గుండ్రటి చిల్లు మిగులుతుంది. కొంచెం వంగిన షెల్ఫ్‌ను గాజును అచ్చులోకి వంచే పనికి ఉంచుకోవచ్చు, పూర్తి ఫ్యూజింగ్‌కు, అంటే పొరల్ని కరిగించి ఒకటిగా అతకడానికి, మాత్రం పనికిరాదు.

తర్వాత కిల్న్ వాష్, అంటే గాజు షెల్ఫ్‌కు అంటుకోకుండా వేసే పూత. అల్యూమినా, చైనా క్లే కలిసిన పొడి ఒక పాలు, నీళ్లు ఐదు పాళ్లు, కొలత పరిమాణంలో. మెత్తటి వెడల్పు బ్రష్‌తో నాలుగు పూతలు: నిలువు, అడ్డం, రెండు ఐమూలలు. ఒక పూత వేసేటప్పుడు గిన్నెలో అడుగు పట్టిన పొడిని ప్రతిసారీ కలపాలి, లేకపోతే చివరి పూతలో నీళ్లే మిగులుతాయి. 260 దగ్గర 20 నిమిషాలు ఆరబెట్టాలి. పూర్తి ఫ్యూజింగ్ అయిన ప్రతిసారీ పాత పూత గీకి కొత్తది వేయాల్సిందే. ఎందుకంటే ఆ వేడికి చైనా క్లే తనలోని నీటిని కోల్పోయి మారిపోతుంది, రెండోసారి గాజు అడుగుకు తెల్లటి పొరలా అంటుకుంటుంది. సానకు తప్ప అది ఊడదు. గీకేటప్పుడు తడిపి గీకాలి, మాస్కు ఉండాలి. పొడిగా గీకితే లేచే దుమ్ము ఊపిరితిత్తుల్లోకే పోతుంది.

మూడోది వేడి పటం. 50 మి.మీ. చదరాలు రెండేసి పొరలుగా షెల్ఫ్ మీద తొమ్మిది చోట్ల పెట్టి, 745 దగ్గర పది నిమిషాలు ఆపి తీశారు. నడిమి ముక్కల అంచులు గుండ్రంగా వచ్చాయి, ముందువైపు రెండు మూలల్లోవి ఇంకా పదునుగానే ఉన్నాయి. కంట్రోలర్ చూపే అంకె థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగ) కొన దగ్గరి వేడి, షెల్ఫ్ అంతటి వేడి కాదు. అప్పటి నుంచి ముందు మూలల్లో సన్నటి వివరం ఉన్న ముక్కలు పెట్టలేదు.

పేరు లేని ముక్క

గాజుల మధ్య పొత్తు కుదరకపోవడం ఈ పనిలో అన్నిటికంటే ఆలస్యంగా బయటపడే తప్పు. వ్యాకోచ గుణకం 90 అంటే డిగ్రీకి మీటరుకు 9 మైక్రాన్లు. 96 రకం గాజు దాని పక్కన అతికితే తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. కానీ 300 మి.మీ. పొడవు ముక్క 480 డిగ్రీల నుంచి గది వేడికి వచ్చేసరికి ఒకటి రెండోదానికంటే దాదాపు 0.08 మి.మీ. ఎక్కువ కుదించుకుంటుంది. ఉక్కయితే సర్దుకుపోతుంది, గాజు సర్దుకోదు. పైగా గుణకం కలిసినంత మాత్రాన పొత్తు కుదిరినట్టు కూడా కాదు, వేడిలో రెండూ ఎంత చిక్కగా ఉంటాయన్నదీ కలవాలి. కిటికీ గాజు, సీసా గాజు కలపకూడదనడానికి ఇదీ ఒక కారణం.

పరీక్ష సులువు. క్లియర్ గాజు పట్టీ మీద ఒక్కో రంగు నుంచి 10 మి.మీ. ముక్క పెట్టి, ఒక చివర అదే క్లియర్ ముక్క, ఇంకో చివర కావాలనే కిటికీ గాజు ముక్క ఉంచి ఫ్యూజ్ చేయాలి. లైట్ బాక్సు మీద ఒక పోలరైజింగ్ ఫిల్ము, దాని మీద పట్టీ, ఆపైన రెండో ఫిల్మును అడ్డంగా తిప్పి చూస్తే అంతా చీకటిగా ఉండాలి. ఒత్తిడి ఉన్న ముక్క చుట్టూ తెల్లటి వలయం వెలుగుతుంది. కిటికీ గాజు చుట్టూ వచ్చే వలయం చూశాక కన్నుకు కొలత తెలుస్తుంది. ఒక చివరి క్లియర్ ముక్క చుట్టూ కూడా వెలుగు కనిపిస్తే లోపం రంగులో లేదు, ఆ కాల్పు (కిల్న్‌ను ఒకసారి వేడెక్కించి చల్లార్చడం) చల్లార్చిన తీరులో ఉంది.

ఈ స్టూడియోలో తుక్కు డబ్బాలోంచి తీసిన ఒక ఆకుపచ్చ ముక్క మూడు పళ్లేల్లోకి పోయింది. కిల్న్‌లోంచి బాగానే వచ్చాయి. మూడు వారాల తర్వాత ఒక పళ్లెంలో సరిగ్గా ఆ ఆకుపచ్చ అంచు వెంటే బీట తిరిగింది. మిగతా రెండూ ఫిల్ముల మధ్య పెడితే అదే అంచు వెలిగింది. వాటిని అమ్మకుండా పగలగొట్టారు. నా దృష్టిలో అది సరైన పని, ఎవరింట్లోనో భోజనాల బల్ల మీద విరగడం కంటే. ఆ రోజు నుంచి కోయగానే మిగిలిన ప్రతి ముక్క మీద రకం, రంగు సంఖ్య మార్కరుతో రాస్తున్నారు. పేరు లేనిది నేరుగా చెత్తలోకే.

పొత్తు కుదిరిన రంగులు కూడా ఒకదానితో ఒకటి రసాయన చర్యకు దిగుతాయి. గంధకం ఉన్న పసుపు, నారింజ, ఎరుపు గాజులు రాగి ఉన్న నీలిపచ్చ గాజును తాకినచోట ముదురు గోధుమ గీత వస్తుంది. అది లోపం కాదు, ముందే తెలిస్తే అందం. తెలియక ఆర్డరులో వస్తే గొడవ. బంగారం కలిసిన గులాబీ గాజు షీటులో వెలిసినట్టు ఉంటుంది, కాలాకే రంగు పూర్తిగా తేలుతుంది. అందుకే రంగు ఎంపిక షీటు చూసి కాదు, కాల్చిన నమూనా చూసి చేయాలి. రంగు సంఖ్య, తేదీ, పై వేడి రాసిన నమూనా పలకలు గోడకు వేలాడదీశారు. కొనేవాళ్లతో మాట్లాడేది వాటి ముందే.

పళ్లేలు, గిన్నెలు

రోజువారీ పని 250 మి.మీ. గుండ్రటి గిన్నె. రెండు పొరలు కలిసి 6 మి.మీ. ఆ మందమే ఎందుకంటే, కరిగిన గాజు తలతన్యత వల్ల దానంతటది నిలబడేది 6, 7 మి.మీ. దగ్గరే. ఒకే పొర 3 మి.మీ. కరిగిస్తే అంచులు లోపలికి లాక్కుపోయి ముళ్లు తేలతాయి. మూడు పొరలైతే బయటికి పారుతుంది. బరువు లెక్క గాజు సాంద్రత 2.5 తో వస్తుంది: ఒక్కో గిన్నె సుమారు 735 గ్రాములు. 600 షెల్ఫ్ మీద నాలుగు పడతాయి.

ఫ్యూజింగ్ కాల్పు ఇది: గంటకు 222 డిగ్రీల చొప్పున 677 దాకా, అక్కడ 30 నిమిషాలు, గంటకు 333 చొప్పున 804 దాకా, అక్కడ 10 నిమిషాలు, వీలైనంత వేగంగా 482 కు దింపి గంటసేపు, గంటకు 83 చొప్పున 371 దాకా, ఆపైన ఆపేసి మూత తీయకుండా వదిలేయడం. 677 దగ్గరి అరగంటే పొరల మధ్య గాలి పోయే సమయం. దాన్ని తగ్గించి సమయం మిగుల్చుకుందామనుకుంటే బుడగలు వస్తాయి.

804 నుంచి 482 కు త్వరగా దింపమనడం కూడా ఊరికే కాదు. 700 నుంచి 760 మధ్య గాజు ఎక్కువసేపు ఉంటే పైపొర స్ఫటికంగా మారి పాలమబ్బులా మసకబారుతుంది. వేలిముద్రలు, కటింగ్ నూనె, ఆరిన నీటి మరకలు ఉన్నచోటే అది ముందు మొదలవుతుంది. ముక్కల్ని సబ్బునీళ్లతో కడిగి, నీళ్లు ఆరకముందే నూలుపోగు రాలని గుడ్డతో తుడవాలి. గాజు శుభ్రంగా లేకపోతే వేడి ఎంత సరిగ్గా ఇచ్చినా లాభం లేదు.

చివరి కాల్పు వంచడం. సిరామిక్ అచ్చు అడుగున గాలి రంధ్రాలు మూసుకుపోయాయేమో సన్నటి తీగతో చూసి, రసమట్టం పెట్టి సరిచేయాలి. గంటకు 167 చొప్పున 650 దాకా, పది నిమిషాలు. అచ్చు ఒకవైపు వాలి ఉంటే గిన్నె అంచు ఒకవైపు పైకి, ఒకవైపు కిందికి జారుతుంది. మళ్లీ కాలిస్తే సరికాదు. ఇక్కడ వేడెక్కించే వేగం ఫ్యూజింగ్ కంటే తక్కువ ఎందుకంటే, ఇప్పుడది రెండు పల్చటి షీట్లు కాదు, ఒకే మందపాటి ముక్క. పైగా మధ్యభాగం అచ్చు మీద ఆనదు, అంచు మాత్రమే ఆనుతుంది.

విరిగిన ముక్క తనకేం జరిగిందో తానే చెబుతుంది. విరిగిన అంచు వేలికి నునుపుగా, గుండ్రంగా తగిలితే వేడెక్కేటప్పుడే విరిగింది, తర్వాతి వేడికి అంచు మెత్తబడింది. పదునుగా ఉంటే చల్లారేటప్పుడో, ఆ తర్వాతో. బీట రంగు హద్దు వెంట పోతే పొత్తు లేదు. ముక్క అడ్డంగా మెలిక తిరుగుతూ పోతే లోపల ఒత్తిడి మిగిలింది. ముందు వేలితో తడిమి, తర్వాతే కాల్పు పుస్తకం తెరవాలి.

మందపాటి పలక

ఏడాది మలుపు ఇక్కడే. 300 × 450 మి.మీ. కొలతతో 25 మి.మీ. మందం పలక ఆర్డరు వచ్చింది. కావలసిన బరువు 30 × 45 × 2.5 × 2.5, అంటే 8.44 కిలోలు. ఎనిమిది షీట్లు 8.1 కిలోలు, మిగతా 340 గ్రాములు ముతక గాజు రజను. చుట్టూ షెల్ఫ్ ముక్కల్ని గోడలా నిలబెట్టి, లోపలివైపు 3 మి.మీ. ఫైబర్ పేపర్ (వేడికి కాలని కాగితం) వేశారు. ఆ పేపర్ ఎత్తు 22 మి.మీ. మాత్రమే, పలక మందం కంటే మూడు తక్కువ. సమానంగా పెడితే కరిగిన గాజు దిగేటప్పుడు పేపర్‌ను పట్టుకుని అంచంతా సూదుల్లా లేస్తుంది.

గంటకు 55 చొప్పున 677 దాకా తీసుకెళ్లి రెండు గంటలు, తర్వాత 804 దగ్గర గంటన్నర. చల్లార్చడానికి, షీటు గాజు తయారుచేసే బుల్స్‌ఐ కంపెనీ మందపాటి గాజుకు ప్రచురించిన పట్టికలోని 25 మి.మీ. వరస: 482 దగ్గర 4 గంటలు, గంటకు 15 చొప్పున 427 దాకా, 27 చొప్పున 371 దాకా, 90 చొప్పున గది వేడికి. చల్లార్పు దాదాపు 14 గంటలు. పలక కిల్న్‌లోంచి చక్కగా వచ్చింది. తొమ్మిదో రోజు అంచు సాన పడుతుండగా ఒక మూల నుంచి ఎదురు అంచుదాకా మెలిక తిరిగిన బీటతో రెండు ముక్కలైంది. అంచులు పదును, రంగు హద్దుతో సంబంధం లేదు.

పట్టికలో తప్పేమీ లేదు. ఆ అంకెలు పై నుంచీ కింది నుంచీ సమానంగా చల్లారే గాజుకు. సమానంగా చల్లారకపోతే రెట్టింపు మందం వరస వాడాలి. ఈ కిల్న్‌లో ఎలిమెంట్లు పైన, షెల్ఫ్ నేరుగా నేల ఇటుక మీద. కింద వేడి దాచుకున్న ఇటుక, పైన త్వరగా చల్లబడే మూత. రెండో థర్మోకపుల్‌ను షెల్ఫ్ అడుగున పెట్టి ఖాళీగా నడిపి చూస్తే, చల్లారుతున్నంతసేపూ అడుగు పైభాగం కంటే వేడిగానే ఉంది. 482 దగ్గర అడుగూ పైభాగమూ సమంగా వేడెక్కి, దిగేటప్పుడు కూడా దాదాపు సమంగా దిగాలి. తేడాతోనే గట్టిపడితే ఆ తేడా ఒత్తిడిగా లోపలే ఉండిపోతుంది. సాన దాని పైచర్మాన్ని గీరగానే అది దారి వెతుక్కుంది.

పై నుంచి దాని ఒత్తిడి కనిపించలేదా అంటే, పలకలో తెల్లటి ఓపల్ గాజు, అంటే ఆరపార కనిపించని పాలరంగు గాజు, ఉంది. ఓపల్‌లో పోలరైజింగ్ ఫిల్ము ఏమీ చూపదు. అందుకే మందపాటి ఓపల్ పలక కాల్చే ప్రతిసారీ అదే మందం ఉన్న క్లియర్ ముక్క ఒకటి పక్కన సాక్షిగా పెట్టాలి. మొదటిసారి అది పెట్టలేదు.

రెండోసారి మూడు మార్పులు చేశారు. షెల్ఫ్‌ను 50 మి.మీ. దిమ్మెల మీద లేపారు. సాక్షి ముక్క పెట్టారు. 50 మి.మీ. వరస తీసుకున్నారు: 482 దగ్గర 8 గంటలు, గంటకు 3.8 చొప్పున 427 దాకా, 6.8 చొప్పున 371 దాకా, 22 చొప్పున గది వేడికి. కూడితే దాదాపు 47 గంటల చల్లార్పు, మొత్తం కాల్పు 65 గంటలు. మందం రెట్టింపైతే వేగం నాలుగో వంతుకు పడటం ఈ రెండు వరసల్లోనే కనిపిస్తుంది: 15 కాస్తా 3.8, 90 కాస్తా 22. వేడి గాజు మధ్యలోంచి బయటికి రావడానికి పట్టే కాలం మందం వర్గంతో పెరుగుతుంది. 1934లో అమెరికాలోని కార్నింగ్‌లో పోసిన పాలొమార్ టెలిస్కోపు 200 అంగుళాల అద్దాన్ని దాదాపు పది నెలలు చల్లార్చారు. అది కూడా వెనకవైపు పక్కటెముకల్లా పోసి మందం తగ్గించుకున్నాక.

సాక్షి ముక్క ఫిల్ముల మధ్య నల్లగా కనిపించింది. పలక సాన తట్టుకుంది.

చల్లార్పు మధ్యలో కరెంటు పోతే ఏం చేయాలో ముందే రాసిపెట్టుకోవాలి. 371 కు పైన పోతే మళ్లీ 482 కు నెమ్మదిగా తీసుకెళ్లి ఆ మజిలీ మొదటి నుంచీ చేయాలి. అంతకు కింద పోతే శాశ్వత ఒత్తిడి భయం లేదు, ఒక్కసారిగా చల్లబడి బీట తీసే ప్రమాదం మాత్రమే. మూత తీయకుండా వదిలేయాలి.

ఇక లెక్క. పెద్ద కిల్న్ వారానికి ఐదు కాల్పులు, 48 వారాలు అంటే 240 కాల్పులు. నాలుగు గిన్నెలకు ఫ్యూజింగ్ ఒకటి, అంచుకు మెరుపు తెచ్చే కాల్పు ఒకటి, వంచడం ఒకటి, మొత్తం మూడు. ఒక్క పలక కూడా చేయకపోతే ఏడాదికి 320 గిన్నెలు, అదీ ఒక్కటీ విరగకపోతే. ఎక్కించడం, దించడం కలిపి ఒక పలక దాదాపు వారం తింటుంది, అంటే ఆరేడు గిన్నెల చోటు. పలక ధర గాజు బరువును బట్టి కాక ఈ చోటును బట్టి వేయడం అప్పుడే మొదలుపెట్టారు. పలకల్ని వారాంతానికి ఎక్కించి, మనుషులు లేని గంటల్లో చల్లారేలా సర్దారు.

తేమ నెలల్లో పోత

గాలిలో తేమ ఎక్కువున్న నెలల్లో ప్లాస్టర్, సిలికా అచ్చుల్లో చిన్న పోతలు పెట్టుకున్నారు. ఆ కాలానికి సరిపడని పని అది. కిలో ప్లాస్టర్, కిలో సిలికా పొడి, లీటరు నీళ్లు కలిపితే ప్లాస్టర్ గట్టిపడటానికి రసాయనికంగా పట్టుకునేది సుమారు 186 మి.లీ. మాత్రమే. మిగతా 814 మి.లీ. ఆవిరై పోవాలి. చేత్తో తాకి ఆరిందనుకుంటే లోపలి తేమ కిల్న్‌లో ఆవిరై అచ్చును చీలుస్తుంది, చీలికలోకి గాజు పారి రెక్కలా గట్టిపడుతుంది. రోజూ అచ్చును తూచి, వరసగా రెండు రోజులు బరువు తగ్గకపోతేనే కిల్న్‌లో పెట్టాలి. ఆ తర్వాత కూడా 200 లోపు ఆరు గంటలు ఆపాలి, ఎందుకంటే ప్లాస్టర్ పట్టుకున్న నీళ్లు కూడా అక్కడే వదులుతాయి. అచ్చుకు ఎంత గాజు కావాలో దాని మూల మైనపు రూపంతోనే కొలుచుకోవచ్చు: నీళ్లలో ముంచితే తొలగిన మి.లీ. ను 2.5 తో గుణిస్తే గ్రాములు. తడి అచ్చులోకే నీళ్లు పోసి కొలిచిన ఒకసారి ఆరబెట్టడం మళ్లీ మొదటికి వచ్చింది. సిలికా పొడి కలిపేటప్పుడు ఫిల్టర్ మాస్కు తప్పనిసరి, ఊడ్చడం నిషిద్ధం, తడిగుడ్డతో తుడవాలి.

సాన

చివరి మూడు నెలల్లో ఆర్డర్లు ఆగింది కిల్న్ దగ్గర కాదు, సాన దగ్గర. సాన పొడి సిలికాన్ కార్బైడ్ 80, 120, 220, 400, 600 వరసగా (సంఖ్య పెరిగేకొద్దీ రేణువు సన్నం), తర్వాత కార్కు మీద ప్యూమిస్, ఫెల్టు మీద సీరియం ఆక్సైడ్. మెట్టు దాటవేస్తే లాభం లేదు: 80 గీతల్ని 400 తీయలేదు, మెరుపు కింద అవే తేలతాయి. మెట్టు మారేటప్పుడు ముక్క, చేతులు, బల్ల, బకెట్టు అన్నీ కడగాలి. 400 బల్ల మీద 80 రేణువు ఒక్కటి మిగిలితే అరగంట పని వెనక్కి. మార్కరుతో వెనుకవైపు గళ్లు గీసి, అవి సమంగా చెరిగేదాకా అదే మెట్టులో ఉండటం మంచి అలవాటు. సాన బురదను తూములో పోయకూడదు, గట్టిపడి మూసేస్తుంది. బకెట్టులో రాత్రంతా తేర్చి, పైనీళ్లు మాత్రమే పోయాలి.

ఆ రద్దీలోనే పెద్ద కిల్న్ రిలే (కరెంటును కలిపి, తెంచే స్విచ్) ఆన్‌లో ఇరుక్కుపోయింది. కంట్రోలర్ ఆపమంటున్నా ఎలిమెంట్లకు కరెంటు అందుతూనే ఉంది. మనిషి పక్కనే ఉండటం వల్ల మెయిన్ ఆపగలిగారు, లేకపోతే గాజు కారి షెల్ఫ్, నేల ఇటుక రెండూ పాడయ్యేవి. రిలే స్థానంలో కొత్తది వేసి, దానికి వరసలో కాంటాక్టర్ అనే రెండో స్విచ్ పెట్టి, విడి థర్మోకపుల్‌తో 850 దాటితే తనంతట తెగేలా కట్టించారు. అదే రోజు మెయిన్ థర్మోకపుల్ కూడా మార్చారు. మార్చాక పాత షెడ్యూళ్ల అంకెలు నమ్మకుండా, తొమ్మిది చదరాలు మళ్లీ కోసి, 745 దగ్గర పది నిమిషాలు.